బదులుగా వచ్చిన నూనె

మా ఆయన నా వంటను మెచ్చుకోవడం ఏడాదికి ఒక్కసారి జరిగితే గొప్ప. పోయిన ఏడాది మెచ్చుకున్న పూట మాత్రం నా పై ప్రాణాలు పైనే పోయాయి.

క్రిస్మస్‌కు ఇంకా రెండు రోజులున్నాయి. పొద్దున పదకొండు దాటింది. ముందు రోజు సాయంత్రం నేను వండిన గులాబీ పువ్వుల్లో ఒకటి డబ్బాలోంచి తీసుకుని, సోఫాలో కాళ్ళు చాపుకుని కరకరలాడిస్తూ, "ఏమోయ్, ఈసారి వేరుశెనగ నూనెలో వేయించావా? అచ్చం మా అమ్మ చేసినట్టే ఉన్నాయి," అన్నారు.

"వేరుశెనగ నూనె ఎక్కడిదండీ మన ఇంట్లో? పొద్దుతిరుగుడు నూనె అది," అన్నాను.

"నా ముక్కు నాకు తెలీదా? కావాలంటే నువ్వే చూడు," అని చేతిలోది తెచ్చి నా ముక్కు కింద పెట్టారు.

నాకేం తెలిసి చస్తుంది? వారం రోజులుగా జలుబు. కాఫీకీ కషాయానికీ తేడా తెలియడం లేదు. అయినా ఆ మాట వినగానే చేతిలో ఉన్న ఎర్ర పెన్ను జారి కింద పడింది. పిల్లల పరీక్ష పేపర్లు అలాగే వదిలేసి బాల్కనీలోకి పరుగెత్తాను. పొడి చెత్త సంచీ అక్కడే ఉంటుంది. దాన్ని నేల మీద కుమ్మరించాను. పాల ప్యాకెట్లు, బిస్కెట్ల కాగితాలు, వాటి మధ్య మూడు ఖాళీ నూనె ప్యాకెట్లు. రెండింటి మీద పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ. మూడోదాని మీద వేరుశెనగ కాయలు.

"ప్రభువా," అన్నాను.

ఎందుకంత భయమో చెప్పాలి. ఏ.ఎస్. రావు నగర్‌లో మాది మూడో అంతస్తు. మొదటి అంతస్తులో ఒక ముస్లిం కుటుంబం ఉంటుంది. ఆ ఇంటి పెద్దావిడను నేను ఆపా అని పిలుస్తాను. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు పోతే మనవరాలిని ఆవిడే చూసుకుంటుంది. రంజానుకు ఆవిడ వంటింట్లోంచి షీర్ ఖుర్మా పైకి వస్తుంది, క్రిస్మస్‌కు గులాబీ పువ్వుల డబ్బాతో నా పళ్ళెం కిందికి వెళ్తుంది. వెళ్ళిన పళ్ళెం ఖాళీగా తిరిగి రాకూడదని ఇద్దరికీ పట్టింపే. ఒకసారి ఏమీ లేకపోతే ఆపా నాలుగు నిమ్మకాయలు పెట్టి పంపింది.

ఆ మనవరాలికి నాలుగేళ్ళప్పుడు, మా మేడ మీద జెండా పండుగ నాడు ఎవరో పల్లీపట్టి పంచారు. పాప ఒక్క ముక్క కొరికింది. పది నిమిషాల్లో పెదాలు ఉబ్బాయి, ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. ఇంట్లో మగవాళ్ళెవరూ లేరు. ఆపా, నేను ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తాం. పాప నా ఒళ్ళోనే ఉంది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఆ పసిగొంతులోంచి కీచుమని ఒక చప్పుడు. దారంతా ఆ చప్పుడు వింటూ, అది ఆగిపోతుందేమోనని నేను నా ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను. దేవుడి దయవల్ల బతికింది. డాక్టరమ్మ మాత్రం గట్టిగా చెప్పింది. పల్లీలు కాదు కదా, పల్లి నూనె తగిలిన గరిటె కూడా వద్దంది. ఇంకోసారి జరిగితే ఈమాత్రం వ్యవధి ఉంటుందని నేను చెప్పలేనంది. ఎక్కడికి వెళ్ళినా వెంట ఉంచుకోమని ఒక ఇంజెక్షన్ కూడా రాసిచ్చింది.

ఆ రోజు నుంచీ మా ఇంట్లోకి వేరుశెనగ గింజ రాలేదు. పళ్ళెం కిందికి వెళ్ళాలంటే నా వంటిల్లు శుభ్రంగా ఉండాలి కదా! సరుకులన్నీ మెయిన్ రోడ్డు మీది సూపర్ మార్కెట్‌కు నేనే వెళ్ళి తెచ్చేదాన్ని. ప్యాకెట్టు వెనకాల చీమ తలకాయంత అక్షరాల్లో ఏమేం కలిపారో రాసి ఉంటుంది చూడండి, అది చదవడానికి సంచిలో భూతద్దం పెట్టుకుని వెళ్ళేదాన్ని. వెనకాల బండ్లు నెట్టుకుంటూ వచ్చేవాళ్ళు విసుక్కునేవాళ్ళు. విసుక్కోనీ అనుకునేదాన్ని. నూనెల వరుసలో నిలబడే ఉద్యోగిని ఒకావిడ, "ఏంది టీచరమ్మా, ఈడ సుత పేపర్లు దిద్దుతున్నరా?" అని నవ్వేది. నా సంగతి తెలిశాక ఆవిడే ఓ రోజు చెవిలో చెప్పింది. "దుకాణంల ప్యాక్ చేసిన పిండి తీసుకోకుండ్రి మేడమ్. పల్లీలు ప్యాక్ చేసిన మిషన్ మీదనే పిండి సుత చేస్తరు." ఆ మాట చెప్పినందుకు ఆవిడకు ఆ ఏడాది ఒక పళ్ళెం ఇచ్చాను.

మూడు క్రిస్మస్‌లు అలా గడిచాయి. ప్రతిసారీ పాప ఖాళీ డబ్బాలో ఖర్జూరాలు పెట్టుకుని పైకి వచ్చి, "టీచరాంటీ, పూలు మస్తున్నయ్," అని చెప్పి తుర్రున పారిపోయేది. నాకు గర్వం. ఉండదా మరి? చర్చిలో ఆడవాళ్ళ కూడికలో ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు. ఆ పిల్ల బయటి తిండి ముట్టదండీ, ఒక్క నా చేతి గులాబీ పువ్వులు తప్ప అని.

పోయిన డిసెంబరులో మోకాలు వాచింది. పరీక్ష పేపర్ల కట్టలు బల్ల మీద. పైన జలుబు. సూపర్ మార్కెట్ మెట్లు ఎక్కే ఓపిక లేక, అదే దుకాణం వాళ్ళ యాప్ తెరిచి సరుకులకు ఆర్డరు పెట్టాను. అలవాటైన సరుకులన్నీ వరుసగా కనిపిస్తుంటే హాయిగానే అనిపించింది. చివర ఒక చిన్న గడి. వస్తువు లేకపోతే అలాంటిదే మరొకటి పంపమంటారా అని. అందులో టిక్కు ముందే పెట్టి ఉంది. నేను చదవలేదని అబద్ధం చెప్పను. చదివాను. లీటరుది లేకపోతే అర లీటరువి రెండు పంపుతారు కాబోలు అనుకుని వదిలేశాను. అలాంటిదే అంటే ఎలాంటిదో తేల్చేది నేను కాదని తట్టలేదు. సరుకులు సర్దేవాళ్ళకు పసుపుపచ్చగా ఉన్నదల్లా ఒకటే నూనె.

సంచులు వచ్చినప్పుడు నేను ఎర్ర పెన్నుతో ఉన్నాను. మా ఇంట్లో నూనె ప్యాకెట్టు ఎప్పుడూ గూట్లో పెట్టం. కారిపోతుందని, రాగానే కోసి పెద్ద స్టీలు డబ్బాలో పోసేస్తాం. పనిచేసే ఆవిడకు తెలుసు. "పోసెయ్యమంటారా అమ్మా?" అంది. "ఆ, పోసెయ్," అన్నాను, తల ఎత్తకుండానే. అంతే. మూడేళ్ళు భూతద్దం పట్టుకుని తిరిగినదాన్ని, ఆ ఒక్కరోజు తల ఎత్తలేదు.

ఇప్పుడు బాల్కనీలో ఆ మూడో ప్యాకెట్టు చేత్తో పట్టుకుని నిలబడ్డాను. ఫోన్ తీసి చూస్తే, ఒక వస్తువు బదులు మరొకటి పంపామని మెసేజ్ ఉంది. పక్కనే నవ్వు ముఖం బొమ్మ ఒకటి.

పళ్ళెం పొద్దున ఎనిమిదింటికి నేనే స్వయంగా ఇచ్చి వచ్చాను. ఆపా గుమ్మంలో అందుకుని, "పాప ఇంక లేవలే, లేసినంక ఇస్త," అంది.

మెట్లు ఎలా దిగానో తెలియదు. మోకాలి నొప్పి కూడా గుర్తు లేదు. ఆపా వాళ్ళ తలుపుకు తాళం.  ఆసుపత్రికి తీసుకెళ్ళారేమో అనిపించింది. వాచ్‌మన్ దగ్గరికి పోయి అడిగాను.

"గిప్పుడే పోయిండ్రమ్మా, అర్ధగంట అయితది," అన్నాడు. "చిలకలగూడల వాళ్ళ చెల్లె ఇంట్ల దావత్ అంట."

"పాప బాగానే ఉందా?"

"మంచిగనే ఉన్నది. దుంకుకుంట పోయింది. మీరిచ్చిన పూల డబ్బా సుత దానిచేతనే ఉండె."

దానిచేతనే! మూత తీయడానికి ఎంతసేపు పడుతుంది ఏడేళ్ళ పిల్లకు?

ఆపాకు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. కొడుకు ఫోన్ స్విచ్ ఆఫ్. కోడలి నంబరు నా దగ్గర లేదు. ఇన్నేళ్ళ ఇరుగుపొరుగు, ఆ పిల్ల తల్లి నంబరు తీసుకోలేదేమిటని నన్ను నేను తిట్టుకున్నాను. మెసేజ్ పెడదామంటే ఆపా మెసేజ్‌లు చూడదు. ఈలోగా మా ఆయన ఒక కాలికి తన చెప్పు, ఒక కాలికి నా చెప్పు వేసుకుని దిగి వచ్చారు. చిలకలగూడలో ఆ ఇల్లు నాకు తెలుసు. ఒక రంజానుకు ఆపాతో కలిసి వెళ్ళాను. ఆటో ఎక్కాం.

"కంగారు పడకు. కలిసింది ఒక్క ప్యాకెట్టే కదా," అన్నారు ఆయన.

"ఒక్క ముక్కకే ఆ రోజు గొంతు మూసుకుపోయింది. మీరు చూడలేదు. నేను చూశాను," అని అరిచాను. ఆటో అతను వెనక్కి తిరిగి, "ఏం తక్లీఫ్ మేడమ్, దవాఖానకా?" అని అడిగాడు.  ఏమో, అక్కడికే వెళ్ళాల్సి వస్తుందేమో.

మల్కాజిగిరి దాటేదాకా తొమ్మిదిసార్లు ఫోన్ చేశాను. మనసులో ప్రార్థన మొదలుపెడితే మధ్యలోనే మాటలు మరిచిపోతున్నాను. నా చేత్తో చేశాను. నా చేత్తో డబ్బాలో సర్ది, పళ్ళెంలో పెట్టి పైన గుడ్డ కప్పి, నా చేత్తోనే ఇచ్చాను. ఏమైనా అయితే ఆ మెట్లు ఎలా ఎక్కుతాను, ఎలా దిగుతాను? ఆపా ముఖం ఎలా చూస్తాను? ఛీ, పిల్ల ప్రాణం మీదికి వస్తే నా ముఖం గొడవ ఏమిటి నాకు!

మెట్టుగూడ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు పదోసారి చేశాను. ఎవరో ఎత్తారు. ఒక చిన్నపిల్ల గొంతు. మా పాపది కాదు.

"పెద్దదాదీ నమాజ్ చేస్తున్నది," అంది. పెద్ద నానమ్మ, అంటే ఆపాయే.

"అమ్మా, మా పాప ఏం చేస్తోంది? మీ ఇంటికొచ్చిన పాప?"

"తింటున్నది."

"ఏం తింటోంది తల్లీ? ఏం..."

కట్ అయిపోయింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.  మా ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. ఆయన చెయ్యి కూడా చల్లగా ఉంది. తింటున్నది, తింటున్నది అని ఆ మాటే చెవిలో గింగిరాలు తిరుగుతుంటే, సిగ్నల్ దగ్గర ఆటో దిగి పరుగెత్తుదామనుకున్నాను. ఆయన లాగి కూర్చోబెట్టారు.

చిలకలగూడలో ఆ సందు ముందు ఆటో ఆగీ ఆగకముందే దూకాను. ఇరుకు మెట్లు. పైన గుమ్మం నిండా చెప్పులు. లోపల చాప మీద నలుగురు పిల్లలు గుండ్రంగా కూర్చున్నారు. మధ్యలో నా డబ్బా, మూత తీసి ఉంది. అందులో సగం గులాబీ పువ్వులు లేవు. పాప బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. నములుతోంది.

ఏం చేశానో ఆ తర్వాత మా ఆయన చెబితే తెలిసింది. డబ్బాను కాలితో తన్నానట. పువ్వులన్నీ గదంతా చెల్లాచెదురయ్యాయట. నాకు గుర్తున్నది ఒక్కటే. పాపను పట్టుకుని, నోరు తెరిచి వేలు పెట్టి ఉన్నదంతా బయటికి లాగాను. పెదాలు చూశాను, నాలుక చూశాను, గొంతు దగ్గర చెవి పెట్టి విన్నాను. అది కెవ్వున ఏడ్చింది. ఆ ఏడుపు గట్టిగా, శుభ్రంగా ఉంది. కీచు లేదు.

లోపలి గదిలోంచి ఆపా పరుగెత్తుకొచ్చింది. "అరె, టీచరమ్మా! ఏమైంది? గట్ల వణుకుతున్నవేంది?"

"ఆపా, నూనెలో పల్లి నూనె కలిసింది. దుకాణం వాళ్ళు ఒకటి బదులు ఒకటి పంపారు, నేను చూసుకోలేదు. ఎన్ని తింది? చెప్పు ఆపా, ఎన్ని తింది? ఇంజెక్షన్ తెచ్చావా?"

ఆపా నేల మీది పువ్వులను చూసింది. నన్ను చూసింది. మెల్లగా నా చేతుల్లోంచి పాపను తీసుకుంది.

"తినలే," అంది.

"నోట్లో ఉంది కదా!"

"అది ఖిచ్డీ. ఇంట్ల వండి టిఫిన్ల తెచ్చిన. యాడికి పోయినా దాని తిండి దానితోనే. నీ పూలు మిగితా పిల్లలు తిన్నరు."

చూస్తే నా వేళ్ళకు పసుపు మెతుకులే ఉన్నాయి. నేను అక్కడే కూలబడిపోయాను. "పొద్దున ఇస్తానన్నావు కదా. పొద్దున కూడా తినలేదా?"

 పక్కన నిలబడ్డ కోడలు తల దించుకుంది.

"ఎన్నడూ తినలే టీచరమ్మా," అంది ఆపా. "నువ్వు పంపినయి దానికి ఒక్కసారి సుత పెట్టలే."

"మరి ప్రతిసారీ పైకి వచ్చి బాగున్నాయని..."

"దాదీ అనమన్నది," అంది పాప, వెక్కిళ్ళ మధ్య.

ఆపా నా ఎదురుగా కింద కూర్చుంది. "నువ్వు దానికోసం గంత పరేషాన్ అయ్యి చేస్తవు. వద్దని ఎట్ల చెప్పాలె నేను? కానీ ఆ రోజు ఆటోల దాని ఊపిరి చప్పుడు నువ్విన్నవ్, నేనిన్న. అది ఇన్నంక నా కండ్ల ముందట వండంది దాని నోట్ల పెట్టలేను. ఇది నా సొంత చెల్లె ఇల్లు. ఈడ సుత పెట్టలే."

ఉన్నమాట చెబుతాను. ముందు నాకు కోపం వచ్చింది. అరికాలి మంట నెత్తికెక్కింది. భూతద్దం పట్టుకుని నిలబడ్డ నా మూడేళ్ళు, చర్చిలో చెప్పుకున్న నా గొప్పలు, అన్నీ కలిసి నా ముఖం మీద కొట్టినట్టయింది. మా ఆయనతో తిరుగు ఆటో ఎక్కాను. మెట్టుగూడ సిగ్నల్ దగ్గరికి వచ్చాక, పొద్దున అక్కడే విన్న మాట గుర్తొచ్చింది. తింటున్నది. ఆపా నన్ను నమ్మి ఉంటే ఆ పిల్ల తింటున్నది నా పువ్వే అయ్యుండేది. అప్పుడు ఏడుపొచ్చింది. ఆటో అతను అద్దంలో చూసి, "దేవుడున్నడు మేడమ్," అన్నాడు.

దుకాణం వాళ్ళకు ఫోన్ చేసి చెడామడా తిట్టాను. అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా, బదులు వస్తువుకు మీరే ఒప్పుకున్నారు మేడమ్, టిక్కు ఉంది అంది. ఉంది. నేను చూసి వదిలేసిన టిక్కే. ఫోన్‌లో సరుకులు తెప్పించుకోవడం మానేశానా అంటే మానలేదు. సబ్బులు, చీపుళ్ళు వస్తూనే ఉన్నాయి. ఆ గడిలో టిక్కు మాత్రం ప్రతిసారీ తీసేస్తాను. తీసేశాక వెనక్కి వెళ్ళి మళ్ళీ చూస్తాను.

ఈ ఏడాది డిసెంబరు రాగానే ఆపాతో ఖచ్చితంగా చెప్పేశాను, ఇక పళ్ళెం పంపనని. ఆవిడ నవ్వి, "పంపకు. నేనే పైకొస్త," అంది. జనరల్ బజార్‌లో కొత్త మూకుడు, కొత్త అచ్చు కొనుక్కొచ్చింది. ఇద్దరం కలిసి సూపర్ మార్కెట్‌కు వెళ్ళాం. నూనెల వరుసలో నేను భూతద్దంతో గట్టిగా చదువుతుంటే, "మళ్ళొక్కసారి సదువు," అని నాలుగుసార్లు చదివించింది. నూనెల దగ్గర ఉండే ఉద్యోగిని, "ఇగ ఇద్దరు టీచర్లయిండ్రా!" అని నెత్తి కొట్టుకుంది.

ప్యాకెట్టు ఆపాయే కోసింది. నేరుగా కొత్త మూకుట్లోకి. అచ్చు ముంచిందీ నేను, చూసిందీ ఆవిడ. పాప వంటింటి గుమ్మంలో ముక్కాలి పీట మీద కూర్చుని, ఎనిమిదేళ్ళకు మొదటిసారి తినబోయే పువ్వు కోసం కాళ్ళు ఊపుతోంది. మొదటి వాయి చల్లారింది. ఆపా ఒక పువ్వు తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, నా చేతికిచ్చింది.

"నువ్వే పెట్టు," అంది.

పాప నోరు తెరిచింది. నా చెయ్యి లేవలేదు. ఇన్నేళ్ళూ గర్వంగా పంపిన నాకు అప్పుడు తెలిసింది, కింద ఆ ఇంట్లో పళ్ళెం ముందు కూర్చుని ఆపా ఎంత నలిగిందో.

"ఆపా, ఆ ప్యాకెట్టు ఒకసారి ఇటియ్యవా? మళ్ళీ చదువుతాను," అన్నాను.

చదివాను. పిండి ప్యాకెట్టు చదివాను, పంచదార ప్యాకెట్టు చదివాను. ఆపా ఇంజెక్షన్ సంచీ తెచ్చి గట్టు మీద పెట్టుకుంది. అప్పుడు పెట్టాను. పాప నములుతుంటే మేమిద్దరం ఊపిరి బిగబట్టి దాని పెదాలనే చూస్తూ నిలబడ్డాం. చాలాసేపటికి అదే విసుక్కుని, "ఇంగొకటి ఇయ్యరా ఏంది?" అంది.